ఒంటరిగా బ్యాంకాక్‌లో దిగితే: మొదటి 48 గంటలు ఎలా నడపాలి

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా వెళ్లే విమానం సుమారు మూడున్నర గంటల్లో చేరుస్తుంది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు. రాత్రి విమానం ఎక్కితే కన్ను మూతపడే లోపే తెల్లవారిపోతుంది. హోటల్ గది మాత్రం మధ్యాహ్నం రెండింటికి గానీ చేతికి రాదు. నిద్రలేమి, కొత్త డబ్బు, చదవలేని లిపి, భుజాన బరువు, పక్కన మాట్లాడే మనిషి లేకపోవడం అన్నీ ఈ ఏడెనిమిది గంటల్లోనే మీద పడతాయి. డబ్బు ఎక్కువగా పోయేదీ, ఊరి మీద మనసు విరిగేదీ ఈ వ్యవధిలోనే. అందుకే ఏం చూడాలన్న జాబితా కంటే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస ముఖ్యం. ఆ వరుసే ఇక్కడ చెబుతున్నాం.

బయల్దేరే ముందు

వీసా సంగతి ముందు చూసుకోండి. 2024 జులై 15 నుంచి భారతీయ పాస్‌పోర్టుతో పర్యటనకు వెళ్లేవాళ్లకు వీసా లేకుండా 60 రోజుల దాకా ఉండే వీలు ఇచ్చారు. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి అయింది. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి థాయ్ ఇమ్మిగ్రేషన్ వారి సొంత సైట్‌లో నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. గూగుల్‌లో వెతికితే డబ్బు అడిగే సైట్లు కూడా పైన కనిపిస్తాయి. రుసుము అడిగిందంటే అది అసలు సైట్ కాదు, వెంటనే బయటికి వచ్చేయండి.

బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ వాడకం ఆన్ చేసుకోండి. చాలా కార్డులకు అది ఆఫ్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లాక ఓటీపీ రాకపోతే ఆన్ చేయడం కష్టం కాబట్టి ఇంట్లోనే చేసేయాలి. బ్యాంకాక్‌లో ప్రతి బండి మీదా క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. అవి థాయ్ బ్యాంకు ఖాతాలున్నవాళ్ల కోసం. మన యూపీఐని నమ్ముకుని వెళ్లొద్దు, మొదటి రెండు రోజులూ నోట్లతోనే నడపాలి. ఒక బాట్‌ను రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య లెక్క వేసుకోండి.

హోటల్ పేరు, చిరునామా థాయ్ లిపిలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇంగ్లిష్‌లో రాసిన థాయ్ పేరును టాక్సీ డ్రైవర్ చాలాసార్లు పోల్చుకోలేడు. మీరు పలికితే అసలు పోల్చుకోలేడు. హోటల్ ఫోన్ నంబరు కూడా ఆ స్క్రీన్‌షాట్‌లో పడేలా చూడండి.

గది ఎక్కడ తీసుకోవాలి? ఈ ఒక్క నిర్ణయమే సగం ప్రయాణాన్ని తేల్చేస్తుంది. ఏ మెట్రో స్టేషన్‌కైనా నడిచి ఐదారు నిమిషాల దూరంలో ఉండాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఫయా థాయ్, రాచ్చథేవీ స్టేషన్ల చుట్టుపక్కల వీధులు బాగా పనికొస్తాయి. విమానాశ్రయం రైలు చివరగా ఆగేది ఫయా థాయ్‌లోనే, పైగా గదుల ధరలు మరీ ఎక్కువ ఉండవు. సిలోమ్, అసోక్ కూడా మంచివే. ఖావోసాన్ రోడ్డు పేరు చాలామంది విని ఉంటారు కానీ దాని పక్కన మెట్రో లేదు. సాయంత్రం ట్రాఫిక్‌లో అక్కడికి చేరడానికే గంట పట్టొచ్చు. సుఖుమ్‌విత్ రోడ్డులో నానా స్టేషన్ దగ్గర, సొయ్ 4 (సొయ్ అంటే సందు) వైపు బార్ల వీధి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు గది బుక్ చేసే ముందు మ్యాప్‌లో ఈ ఒక్కటీ గమనించుకుంటే చాలు.

చార్జర్ గురించి: కరెంటు దాదాపు మనలాగే, 220 వోల్టులు. రెండు గుండ్రటి పిన్నుల ఫోన్ చార్జర్ అలాగే పెట్టుకోవచ్చు. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్ పట్టదు, దానికి అడాప్టర్ తీసుకెళ్లండి. ఈ-సిగరెట్లు థాయ్‌లాండ్‌లో నిషేధం, సంచిలో ఉంటే ఇంట్లోనే తీసేయండి.

సువర్ణభూమిలో దిగాక

బ్యాంకాక్‌కు రెండు విమానాశ్రయాలు: సువర్ణభూమి, డాన్ మువాంగ్. చవక విమానాలు కొన్ని డాన్ మువాంగ్‌లో దిగుతాయి, టికెట్ మీద ఏది ఉందో చూసుకోండి. ఇక్కడ సువర్ణభూమి వరుస చెబుతాం.

ఇమ్మిగ్రేషన్ దగ్గర తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఎంత డబ్బు తెచ్చారన్నది అడగొచ్చు. అడిగితే చూపించడానికి వీలుగా అన్నీ ఫోన్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి, బుకింగ్ ఒక కాగితం మీద కూడా ఉంచండి. ముద్ర పడ్డాక కౌంటర్ వదలకముందే ఏ తేదీ దాకా ఉండొచ్చని రాశారో చదవండి. గడువు దాటితే రోజుకు 500 బాట్ల జరిమానా.

సామాను తీసుకుని బయటికి రాగానే డబ్బు మార్చే కౌంటర్లు వరసగా కనిపిస్తాయి. అక్కడ ఆగకండి. లిఫ్టులో అన్నింటికంటే కిందనున్న 'బి' అంతస్తుకు దిగండి. రైలు స్టేషన్ ఉండేది అక్కడే. దాని పక్కనే చిన్న చిన్న మారకం దుకాణాలు ఉంటాయి, పైవాటికంటే ఇక్కడి రేటు బాగుంటుంది. రేటు బోర్డులో 'కొనే ధర' వరస చూడాలి, అమ్మే ధర కాదు. మన రూపాయల నోట్లు కూడా కొన్నిచోట్ల తీసుకుంటారు కానీ వాటికి రేటు అంత కలిసిరాదు. డాలర్లు తీసుకెళితే బేరం మెరుగు. చిరిగిన, గీతలు పడ్డ డాలర్ నోట్లను తిప్పి ఇచ్చేస్తారు. మొదటి రెండు రోజులకు 3,000 నుంచి 4,000 బాట్లు మార్చుకుంటే చాలు. వెయ్యి నోట్లు కాకుండా కొన్ని వంద నోట్లు అడిగి తీసుకోండి. ఏటీఎంలో తీస్తే విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాట్లకు తగ్గకుండా రుసుము పడుతుంది, కాబట్టి తీస్తే ఒకేసారి ఎక్కువ తీయాలి. 'మీ రూపాయల్లో లెక్క కట్టమంటారా' అని మెషిన్ అడిగితే వద్దనండి. బాట్లలోనే ఉంచితే మీ బ్యాంకు రేటు పడుతుంది, అది మేలు.

సిమ్ కార్డుకు పాస్‌పోర్టు అడుగుతారు. ఫోన్ ఈ-సిమ్ తీసుకునేదైతే ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్లడం హాయి. కౌంటర్ వరసలో నిలబడే పని తప్పుతుంది, ఓటీపీల కోసం మన సిమ్ కూడా ఫోన్‌లోనే ఉంటుంది.

ఊళ్లోకి రైలా, టాక్సీనా

ఒక సంచితో ఒంటరిగా వెళ్లేవాళ్లకు రైలే. ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా తిరుగుతుంది. ఫయా థాయ్ చివరి స్టేషన్, 45 బాట్లు, అరగంటలోపే. టికెట్‌గా గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల ఇస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు గేటుకు ఆనించాలి, బయటికి వచ్చేటప్పుడు గేటులోని సందులో వేయాలి. మధ్యలో మక్కాసన్‌లో దిగితే భూగర్భ మెట్రో మారొచ్చు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య ఈ రైలు ఆఫీసులకు వెళ్లేవాళ్లతో కిక్కిరిసి ఉంటుంది. సువర్ణభూమి మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది కానీ, దిగేటప్పుడు పెద్ద పెట్టెను జనం మధ్య నుంచి లాక్కురావడం కష్టం. పెద్ద సామాను ఉంటే తలుపు దగ్గరే నిలబడండి.

అర్ధరాత్రి దిగినా, రెండు పెట్టెలున్నా టాక్సీ తీసుకోండి. '1' అని రాసి ఉన్న అంతస్తులో బయట మెషిన్లు ఉంటాయి. తెర మీద నొక్కితే ఒక చీటీ వస్తుంది, దాని మీద ఉన్న నంబరే మీ టాక్సీ నిలబడ్డ వరస నంబరు. చీటీలో డ్రైవర్ వివరాలు కూడా ఉంటాయి. దాన్ని డ్రైవర్‌కు ఇచ్చేయకుండా ప్రయాణం అయ్యేదాకా దగ్గరే ఉంచుకోండి. మీటరు వేస్తాడు. దానికి విమానాశ్రయం రుసుము 50 బాట్లు కలుస్తుంది, టోల్ గేటు డబ్బు వేరేగా మీరే ఇవ్వాలి. ఇవి రెండూ న్యాయమైనవే, మోసం అనుకుని గొడవ పడొద్దు. మీటరు వేయకుండా 'అంతా కలిపి ఇంత' అంటేనే దిగిపోవాలి. లోపల హాలులో మీ దగ్గరికే వచ్చి టాక్సీ కావాలా అని అడిగేవాళ్లతో వెళ్లకండి.

ఊళ్లో టాక్సీని ఆపేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. ముందు అద్దం వెనక ఎర్ర దీపం వెలుగుతుంటే టాక్సీ ఖాళీగా ఉన్నట్టు. ఎరుపు చూసి నిండుగా ఉందనుకుని వదిలేస్తారు మనవాళ్లు. టాక్సీ పిలిచే గ్రాబ్, బోల్ట్ యాప్‌లు పెట్టుకుంటే బేరమాడే పనే ఉండదు. నారింజ రంగు చొక్కా వేసుకున్న బైకు టాక్సీవాళ్లు సొయ్ మొదట్లో కూర్చుని ఉంటారు. మెయిన్ రోడ్డు నుంచి సందు చివరిదాకా వెళ్లడానికి వాళ్లే దిక్కు. హెల్మెట్ అడిగి పెట్టుకోండి.

గది దొరికేదాకా

పొద్దున ఏడింటికే హోటల్‌కు చేరారనుకుందాం. సామాను మాత్రం ఎప్పుడైనా తీసుకుంటారు. పాస్‌పోర్టు చూపించి, పెట్టె అప్పగించి, చీటీ తీసుకోండి. చాలాచోట్ల తాళానికి 500 నుంచి 1,000 బాట్లు డిపాజిట్ అడుగుతారు, వెళ్లే రోజు తిరిగి ఇస్తారు, రసీదు పారేయకండి. స్నానం చేయడానికి చోటు ఉందా అని అడగండి. హాస్టళ్లలో చాలావరకు కాదనరు. ఆ స్నానం విలువ ఏమిటో ఏప్రిల్‌లో వెళ్లినవాళ్లకు తెలుస్తుంది.

ఈ కొన్ని గంటల్లో దూరం ఎక్కడికీ వెళ్లకండి. నిద్రలేని కళ్లతో రాజభవనం చూడటం, బజారులో బేరాలాడటం రెండూ దండగ. హోటల్ చుట్టూ అర కిలోమీటరు నడవండి. సెవెన్ ఎలెవెన్ దుకాణం ఎక్కడుందో, మందుల షాపు ఎక్కడుందో, స్టేషన్ మెట్లు ఎటువైపు ఉన్నాయో కాళ్లకు తెలియాలి. రాత్రి తిరిగొచ్చేటప్పుడు ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఈ నడకే ఇంటికి చేరుస్తుంది. కుళాయి నీళ్లు తాగొద్దు, చిన్న సీసా పది బాట్లలోపే వస్తుంది. టూరిస్టు పోలీసుల నంబరు 1155, అంబులెన్సు 1669, మామూలు పోలీసులు 191. ఇవి ఫోన్‌లో వేసుకునే పని ఇప్పుడే చేయండి.

నడిచేటప్పుడు చిరునామాల లెక్క అర్థం చేసుకోండి. పెద్ద రోడ్డును థనోన్ అంటారు, దాన్నుంచి చీలే సందును సొయ్ అంటారు. ఒక వైపు బేసి సంఖ్యల సొయ్‌లు, ఇంకో వైపు సరి సంఖ్యలవి. తిరకాసు ఎక్కడంటే, రెండు వైపులా అంకెలు ఒకే వేగంతో పెరగవు. సుఖుమ్‌విత్ రోడ్డులో థోంగ్ లో స్టేషన్ దగ్గర ఒక పక్క సొయ్ 55 అయితే, దానికి ఎదురుగా ఉండేది సొయ్ 38. 'సొయ్ 38 నుంచి 55కు చాలా దూరం కాబోలు' అనుకుని టాక్సీ ఎక్కితే రోడ్డు దాటాల్సిన దూరానికి డబ్బు ఇచ్చినట్టే. వాళ్లూ మనలాగే రోడ్డుకు ఎడమ పక్క నడుపుతారు కాబట్టి దాటేటప్పుడు తల తిప్పాల్సిన వైపు కొత్త కాదు. కానీ జీబ్రా గీతల మీద ఉన్నామని బళ్లు ఆగవు, ఫుట్‌పాత్ మీద కూడా బైకులు వస్తాయి. స్టేషన్లకున్న పై వంతెనలు వాడటమే సుఖం.

ఈ నడకలో తెలుగువాళ్లకు మాత్రమే దొరికే ఆనందం ఒకటి ఉంది. స్టేషన్ల పేర్లు గట్టిగా చదివి చూడండి. థాయ్‌వాళ్లు తమ రాజధానిని బ్యాంకాక్ అనరు, 'క్రుంగ్ థేప్' అంటారు. థేప్ అంటే మన 'దేవ'. దిగిన విమానాశ్రయం పేరును వాళ్లు 'సువన్నఫూమ్' అని పలుకుతారు. అసోక్ మన అశోకం, రాచ్చథేవీ రాజదేవి, పెచ్చబురి వజ్రపురి, థోన్‌బురి ధనపురి. పక్క జిల్లా సముత్ ప్రాకాన్ అంటే సముద్ర ప్రాకారం. విక్టరీ మాన్యుమెంట్ స్టేషన్ థాయ్ పేరులో 'చై సమోరఫూమ్' అని ఉంటుంది. 'జయ సమరభూమి' అని విడదీసుకుంటే ఇక మరచిపోరు. మాట చివరి అచ్చు రాలిపోతుంది, ద, ధలు థ అవుతాయి, భ ఫ అవుతుంది, జ చ అవుతుంది. ఈ నాలుగు మార్పులు పట్టుకుంటే స్టేషన్ ప్రకటనలు చెవికి అపరిచితంగా ఉండవు.

తినడం

ముందు ఒక చిన్న ఉచ్చారణ పాఠం. థాయ్‌లో 'కై' అంటే కోడి, 'ఖై' అంటే గుడ్డు. క, ఖ తేడా మనకు అక్షరాల్లోనే ఉంది కాబట్టి దాన్ని వాడుకోండి. మూ అంటే పంది, కుంగ్ అంటే రొయ్య, ప్లా అంటే చేప. 'మై సై' అంటే 'వేయొద్దు'. మై సై మూ అంటే పంది మాంసం వేయొద్దు. 'మై ఫెత్' అంటే కారం వద్దు. గోంగూర, ఆవకాయ తిన్న నోరు కదా అని ధీమాగా ఉండకండి. సన్నటి పచ్చిమిరపకాయల్ని పచ్చిగానే దంచి వేస్తారు. అది నూనెలో మగ్గిన కారం కాదు, తిన్న వెంటనే చెవులదాకా పాకుతుంది. మొదటిరోజు 'ఫెత్ నిత్ నోయ్', అంటే కొంచెం కారం, అని అడగండి.

శాకాహారుల కష్టం కూరగాయలు దొరక్క కాదు, చేప సాస్ వల్ల. నమ్ ప్లా అనే ఈ సాస్‌ను మనం ఉప్పు వేసినట్టు అన్నింట్లోనూ వేస్తారు. వేయించిన ఆకుకూరలో ఆయిస్టర్ సాస్ ఉంటుంది, కూర ముద్దలో రొయ్యల పేస్టు ఉంటుంది. బొప్పాయి కాయ తురుముతో చేసే సోమ్ తమ్ చూడటానికి పచ్చడిలా ఉంటుంది కానీ, అందులో ఎండు రొయ్యలు పడతాయి. 'వెజిటేరియన్' అని చెబితే మాంసం ముక్కలు తీసేసి సాస్ అలాగే ఉంచుతారు. అందుకని రెండు మాటలు నేర్చుకోండి. మొదటిది 'మంగ్‌సవిరత్'. ఇది మన 'మాంస విరతి'నే, గుడ్డు, పాలు ఉండొచ్చు. రెండోది 'జే'. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపించిన బండి దగ్గర ధైర్యంగా తినొచ్చు. మన కళ్లకు ఆ అక్షరాలు 17 అంకెలా కనిపిస్తాయి, అదే గుర్తు. మామూలు కొట్టులో అయితే 'మై సై నమ్ ప్లా' అని విడిగా చెప్పాలి.

మాంసాహారులకు మొదటి భోజనంగా పద్ క్రపావ్ కై చెప్పండి. సన్నగా తరిగిన కోడి మాంసాన్ని వెల్లుల్లి, మిరపకాయలతో పెద్ద మంట మీద వేయించి, చివర్లో గుప్పెడు క్రపావ్ ఆకులు వేస్తారు. ఆకు పెనం మీద పడగానే లేచే ఘాటు ఎక్కడో తెలిసినట్టు అనిపిస్తుంది. అది మన తులసి జాతి మొక్కే. పూజలో కళ్లకద్దుకునే ఆకు అక్కడ వంటలో పడుతుంది. పైన ఒక వేయించిన గుడ్డు, పక్కన అన్నం. రోడ్డు పక్క ఇది 50 నుంచి 80 బాట్లు. బల్ల మీద నాలుగు గిన్నెలు ఉంటాయి: పంచదార, ఎండు కారం, మిరపకాయ ముక్కలు వేసిన వెనిగర్, చేప సాస్. ఎవరి రుచి వాళ్లే కలుపుకోవాలి. చెంచాతో తింటారు, ఫోర్కు అన్నాన్ని చెంచాలోకి తోయడానికే.

ఏ బండి దగ్గర తినాలో తేలకపోతే మొదటిరోజు మాల్‌లోని ఫుడ్ కోర్టుకు వెళ్లండి. అసోక్ స్టేషన్‌ను ఆనుకునే ఉన్న టెర్మినల్ 21లో పై అంతస్తున ఉన్నది చవక. ముందు కౌంటర్‌లో 200 బాట్లు ఇస్తే ఒక కార్డు ఇస్తారు, ఏ స్టాల్ దగ్గరైనా దాంతోనే కొనాలి. బొమ్మలు చూసి వేలు పెట్టి చూపించవచ్చు. మిగిలిన డబ్బు అదే రోజు అదే కౌంటర్‌లో వెనక్కి ఇస్తారు, మరచిపోయి జేబులో పెట్టుకుని రాకండి. మన తిండే కావాలనిపిస్తే భారతీయుల పేట అయిన పాహురత్ వైపు వెళ్లండి. అక్కడి గురుద్వారాలో లంగర్ (ఉచిత భోజనం) కూడా ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఆకు గుర్తు పెట్టుకున్న గంజాయి దుకాణాలు వీధుల్లో కనిపిస్తాయి. అక్కడ ఏం నడుస్తున్నా, దాని గింజ, పొడి, మిఠాయి ఏదైనా సంచిలో పెట్టుకుని మన దేశంలో దిగితే జైలుకే. మీది కాని పొట్లం ఎవరి కోసమూ తేవద్దు, ఎవరిచ్చినా సరే.

మెట్రో ఎక్కడం

ఇక్కడ అందరూ తడబడేది ఒకందుకే: రైళ్లు ఒకే సంస్థవి కావు. 1999లో మొదలైన బీటీఎస్ తలమీద స్తంభాలపై నడుస్తుంది. 2004లో మొదలైన ఎంఆర్‌టీ నీలం లైను చాలావరకు నేల కింద నడుస్తుంది. విమానాశ్రయం రైలు ఇంకో లెక్క. ఒకదాని టికెట్ ఇంకోదానిలో పనికిరాదు. మారే స్టేషన్ల పేర్లు కూడా వేరు: పైన అసోక్ అన్నది కింద సుఖుమ్‌విత్, పైన సాలా దేంగ్ అన్నది కింద సిలోమ్, పైన మో చిత్ అన్నది కింద చతుచక్ పార్క్. మ్యాప్‌లో పేరు వేరుగా ఉందని దారి తప్పామనుకోవద్దు.

ఎంఆర్‌టీ గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డు ఆనిస్తే చాలు. మన కార్డు పట్టకపోతే బిళ్ల కొనుక్కోండి. బీటీఎస్‌లో దూరాన్ని బట్టి సుమారు 17 నుంచి 47 బాట్లు పడుతుంది. కొన్ని మెషిన్లు నాణేలే తీసుకుంటాయి. ఇరవై బాట్ల నోట్లు, పది బాట్ల నాణేలు దాచుకోండి. ప్లాట్‌ఫాం మీద బాణాల వెంబడి రెండు పక్కలా నిలబడతారు, దిగేవాళ్లు మధ్యలోంచి వస్తారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడితే అందరూ తిరిగి చూస్తారు. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి ప్రకటన వినిపించి అందరూ ఉన్నచోటే ఆగిపోతే, అది జాతీయగీతం. మీరూ ఆగండి. రాజకుటుంబం గురించి తేలికగా మాట్లాడటం, రాయడం అక్కడ జైలుశిక్ష పడే నేరం. కింద పడి దొర్లుతున్న నాణేన్ని కాలితో తొక్కి ఆపడం కూడా తప్పే, దాని మీద ఉన్నది రాజు బొమ్మ.

మొదటి సాయంత్రం

మధ్యాహ్నం గది దొరికాక రెండు గంటలు పడుకోండి, అలారం పెట్టుకుని. సాయంత్రం చిత్ లోమ్ స్టేషన్‌లో దిగి రాచ్చప్రసోంగ్ కూడలి వైపు పై వంతెన మీద నడిస్తే, కింద బంగారు రంగు చతుర్ముఖ బ్రహ్మ కనిపిస్తాడు. అదే ఎరవాన్ మందిరం, 1956లో కట్టారు. మన దగ్గర బ్రహ్మకు గుడి అంటే చేబ్రోలు లాంటి ఒకటి రెండు చోట్లు గుర్తొస్తాయి. ఇక్కడ నగరం నడిబొడ్డున, మాల్స్ మధ్య, ఆఫీసు నుంచి వస్తున్నవాళ్లు చెప్పులు విప్పి నాలుగు ముఖాలకూ నాలుగు బంతిపూల దండలు వేసి వెళతారు. 'ఫ్రా ఫ్రోమ్' అంటారు బ్రహ్మను. మొక్కు తీరినవాళ్లు డబ్బు కట్టి పక్కనే ఉన్న మండపంలో నాట్యం చేయిస్తారు. చూడటానికి రుసుమేమీ లేదు. దండలు లోపలే, ధర రాసి ఉన్నచోట కొనండి, బయట చేతిలో పెట్టేసేవాళ్ల దగ్గర వద్దు. అక్కడే ఒక అరగంట నిలబడండి. ఈ ఊరి స్వభావం గురించి ఏ మాల్ చెప్పనిది ఆ కూడలి చెబుతుంది. తొమ్మిదికల్లా గదికి చేరండి.

రెండో రోజు పొద్దున

రాజభవనం ఎనిమిదిన్నరకు తెరుస్తారు. ఎనిమిది ఇరవైకి గేటు దగ్గర ఉండాలి. పదింటికి పర్యాటకుల బస్సులు వచ్చేస్తాయి, పదకొండుకి నేల కాలుతుంది. నీలం లైనులో సనమ్ చై స్టేషన్‌లో దిగి పదిహేను నిమిషాలు నడవండి. టికెట్ 500 బాట్లు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. షార్ట్స్, చేతుల్లేని చొక్కా, చిరిగిన జీన్స్, బిగుతు లెగ్గింగ్స్ పనికిరావు. చేతుల్లేని డ్రెస్ మీద చున్నీ కప్పుకుంటే సరిపోతుందనుకోవద్దు, గేటు దగ్గరే ఆపేస్తారు. పలచటి పొడుగు ప్యాంటు, పొట్టి చేతుల కాటన్ చొక్కా చాలు.

దారిలో మర్యాదస్తుడిలా కనిపించే మనిషి వచ్చి, 'ఈ రోజు భవనం మూసేశారు, మధ్యాహ్నం తెరుస్తారు, ఈలోగా టుక్‌టుక్‌లో ఇరవై బాట్లకే ఊరు చూపిస్తా' అంటాడు. దాదాపు ఎప్పుడూ మూసి ఉండదు. ఆ ఇరవై బాట్ల బండి రత్నాల కొట్టు దగ్గరా, సూట్లు కుట్టే కొట్టు దగ్గరా ఆగుతుంది. డ్రైవర్‌కు కమీషన్ అక్కడ వస్తుంది. ఎవరేం చెప్పినా నవ్వి, టికెట్ కౌంటర్ దాకా నడిచి మీరే చూసుకోండి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం బెడద తీరినట్టే.

లోపల అందరూ ముందు మరకత బుద్ధుడి వైపు పరుగెడతారు. మీరు ముందు చుట్టూ ఉన్న వసారాలోకి వెళ్లండి. మొత్తం రామాయణం, వాళ్ల మాటలో రామకీయన్, 178 గోడచిత్రాలుగా ఉంది. ఉత్తరం వైపు నుంచి మొదలుపెట్టి ప్రదక్షిణగా నడవాలి. మొదటి బొమ్మలోనే జనకుడు నాగలి సాలులో సీతను కనుక్కుంటాడు. ఆ తర్వాత కథ మనకు తెలిసిన దారి వదిలి పక్కకు మళ్లుతుంది. రావణుడు ఇక్కడ థోత్సకన్, అంటే దశకంఠుడు, ఆకుపచ్చ మొహం. సీత అతని కన్న కూతురు. హనుమంతుడు తెల్లగా ఉంటాడు, బ్రహ్మచారి కాదు. వారధి కట్టేటప్పుడు రాళ్లు లాగేస్తున్న రావణుడి కూతురు సువన్నమచ్చను, అంటే సువర్ణమత్స్యను, పట్టుకోబోయి ప్రేమలో పడతాడు. ఆ సముద్రం బొమ్మ దగ్గర ఆగి దగ్గరగా చూడండి. బంగారు పూత అంచులు, నీళ్లలో చేపలు, రాళ్లు మోస్తున్న కోతులు, ఒక్కో కోతికి ఒక్కో మొహం. కథ తెలియని పర్యాటకుడు రెండు నిమిషాల్లో దాటేసే గోడ ముందు తెలుగువాళ్లు గంట నిలబడగలరు. దానికి గైడు అక్కర్లేదు. తర్వాత మరకత బుద్ధుడి ఆలయంలోకి చెప్పులు విప్పి వెళ్లండి. ఫొటోలు తీయొద్దు, కాళ్లు విగ్రహం వైపు చాపి కూర్చోవద్దు. విగ్రహం సుమారు 66 సెంటీమీటర్లే. కాలం మారినప్పుడల్లా, ఏడాదికి మూడుసార్లు, రాజు స్వయంగా దానికి వస్త్రం మారుస్తాడు.

అక్కడి నుంచి వాట్ ఫో (వాట్ అంటే గుడి) దగ్గరే. టికెట్ 300 బాట్లు. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడుగు. అరికాళ్లలో ముత్యపుచిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు ఉన్నాయి. విగ్రహం వెనక వరసగా 108 కంచు పాత్రలు ఉంటాయి. ఇరవై బాట్లకు చిల్లర నాణేలు ఇస్తారు, ఒక్కోదాంట్లో ఒక్కోటి వేసుకుంటూ నడుస్తారు. ఆ టింగుటింగు శబ్దం హాలంతా వినిపిస్తుంది. విప్పిన చెప్పులు దాచుకోవడానికి సంచి ఇస్తారు, చేతిలోనే పట్టుకోండి.

పన్నెండు దాటాక ఎండలో తిరగొద్దు. భోజనం చేసి, నీడలో కూర్చుని, మూడున్నర ప్రాంతంలో థా తియన్ రేవు నుంచి పడవలో అవతలి ఒడ్డుకు దాటండి. ఐదు బాట్లు. అక్కడ వాట్ అరుణ్, అరుణుడి గుడి. గోపురమంతా పగిలిన పింగాణీ ముక్కలను పూరేకుల్లా అతికించి చేసినదే. దూరం నుంచి బూడిద రంగులా ఉంటుంది, చేయి చాచేంత దగ్గరికి వెళితే పచ్చ, గులాబి, నీలం పూలు. మే నుంచి అక్టోబర్ దాకా వెళితే ఈ వేళకు వాన అందుకుంటుంది. గొడుగు సంచిలోనే ఉండాలి. గోపురం మెట్లు నిటారుగా ఉంటాయి, తడిసి ఉంటే ఎక్కొద్దు.

తిరుగు ప్రయాణం నది మీదే చేయండి. రేవులో నారింజ జెండా పడవ కోసం నిలబడండి, ఎంత దూరమైనా 16 బాట్లే. నీలం జెండాది పర్యాటకుల పడవ, ఖరీదెక్కువ. రేవులో కూర్చున్న ఏజెంటు దాన్నే అంటగట్టబోతాడు. పడవ పూర్తిగా ఆగదు. వెనక నిలబడ్డ మనిషి ఈలలతోనే నడిపేవాడికి దారి చెబుతాడు, తాడు బిగించిన ఆ అర నిమిషంలో ఎక్కేయాలి. ముందు దిగేవాళ్లను దిగనివ్వండి, సంచి ఛాతీ మీదికి తిప్పుకోండి, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకోండి. లోపల కండక్టరు పొడుగాటి రేకు గొట్టం గలగలలాడిస్తూ వస్తుంది, అందులోనే నాణేలు, టికెట్ చుట్టలు ఉంటాయి. ఇరవై నోటు ఇస్తే గొట్టం తెరిచి టికెట్ చింపి, నాలుగు బాట్ల చిల్లర చేతిలో పెడుతుంది. సాయంత్రం చీకటి పడ్డాక ఈ పడవలు తగ్గిపోతాయి కాబట్టి ఐదున్నరకల్లా ఎక్కాలి. ఎడమ పక్క కూర్చుంటే పాత ఊరి ఒడ్డు, చైనా టౌన్ గోదాములు వరసగా కనిపిస్తాయి. సాథోన్ రేవులో దిగి మెట్లెక్కితే తలమీదే సఫాన్ తాక్సిన్ స్టేషన్. అక్కడి నుంచి సియామ్ వెళ్లి రైలు మారితే ఫయా థాయ్ మూడు స్టేషన్లలోపే.